ఏ పట్టాలమీదనైనా నడిచే పెట్టె

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలుపట్టాకు దేశంలో పరాయి ఊరంటూ లేదు. 130 మీటర్ల పొడవున ఏకఖండంగా వెలువడే పట్టా, అటువంటివి రెండు అతికి చేసిన 260 మీటర్ల పట్టా, కాశ్మీరులో పరచినా కన్యాకుమారిలో పరచినా ఒకే తీరున ఇముడుతుంది. అయితే ఈ సౌలభ్యం ఆదినుంచీ ఉన్నది కాదు. బ్రాడ్ గేజి, మీటరు గేజి, నారో గేజి అంటూ వేర్వేరు వెడల్పుల దారులు ఈ దేశంలో దశాబ్దాల తరబడి నడిచినవి. భిలాయికి పొరుగున ఉన్న రాయపూరునుంచి ధమ్తరికి పోయే చిన్న బండి నారో గేజి మీదనే సాగేది. గేజి మారిన ప్రతి కూడలిలోనూ సరకును ఒక బండినుంచి దించి మరొక బండికి ఎక్కించవలసి వచ్చేది. కూలి ఖర్చూ, కాలహరణమూ, మధ్యలో విరిగినవీ, మాయమైనవీ అన్నీ చివరకు కొనేవాడి నెత్తినే పడేవి. దారులన్నిటినీ ఒకే కొలతకు తెచ్చే యూనిగేజి పథకాన్ని రైల్వే శాఖ 1992లో చేపట్టింది.

ఇటువంటి గేజి తగవే కంప్యూటరు లోకంలోనూ ఒకటి ఉన్నది. అది లైనక్సు వాడుకరులను పాతికేళ్ళకు పైగా వేధించింది. పట్టాలన్నిటినీ ఒకటిగా చేయడం సాధ్యం కాదని తేలిన పిమ్మట, ఏ పట్టాలమీదనైనా నడిచే పెట్టెను తయారుచేయడానికి కొందరు పూనుకున్నారు.

క్యాంప్ 1లో ఒక ఇల్లు

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి కర్మాగార నిర్మాణం మొదలయింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నిర్మాణకాలంలో కూలీల తాత్కాలిక నివాసాలుగా వెలసిన వాడలకు క్యాంప్ 1, క్యాంప్ 2 అన్న పేర్లు పడినవి. కర్మాగారం ఉద్యోగుల సెక్టారు క్వార్టర్లు వేరు, ఈ క్యాంపులు వేరు. డేరా ఎత్తివేసినా పేరు పోలేదు; పనికోసం వచ్చినవారు తిరిగి పోలేదు. అట్లా స్థిరపడినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఇంట తెలుగు, బడిలో హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు: మూడవ తరానికి వచ్చేసరికి ఇదీ వరుస.

ఆ వాడలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. తాతగారు కర్మాగారంలో పనిచేసి విరమించారు. మనుమరాలు కాలేజీలో చదువుతున్నది. ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉన్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు సాధారణంగా అందడం ఆగిపోయింది. దాని తరువాతి విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ, కొత్త తరం ప్రాసెసరూ ఉండాలి. ఈ ఇంటి యంత్రంలో ఆ రెండూ లేవు. కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేక, ఉన్నదానిని పారవేయడానికి మనసొప్పక, ఆ పిల్ల దానిలో లైనక్సు వేసుకున్నది. యంత్రం బ్రతికింది. తాతగారి పింఛను కాగితాలు, బ్యాంకు పుస్తకం నకళ్ళు, పెళ్ళి ఫొటోలు అన్నీ దానిలోనే ఉన్నవి. చిక్కు అక్కడినుంచే మొదలవుతుంది. ఆ పిల్లకు బొమ్మలు దిద్దే కొత్త ప్రోగ్రాము కావాలి. దానిని ఎక్కడనుంచి తేవాలి? తెచ్చినది పాత సామగ్రితో ఇముడుతుందా? ఇమిడినా, తాతగారి కాగితాలను అది తొంగిచూడదని భరోసా ఏమిటి?

ఉమ్మడి వంటిల్లు

లైనక్సు అనేది ఒక్క వస్తువు పేరు కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసినది కెర్నెల్ మాత్రమే. అంటే యంత్రాన్నీ ప్రోగ్రాములనూ కలిపే మూలభాగం. దానిచుట్టూ మిగిలిన సంభారమంతా చేర్చి వాడుకకు అనువుగా అందించేవి వేరు. వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్, 2004లో వెలువడిన ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్, ఓపెన్‌సూసె ఆ కోవలోనివి. మన దేశంలో సీడాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ కూడా డెబియన్ సంతతిదే. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేసే లైనక్సును రూపొందించారు. మూలం బహిరంగంగా ఉన్నది గనుక ఎవరి అవసరానికి తగినట్లు వారు మలచుకున్నారు. ఆ స్వాతంత్ర్యమే లైనక్సు బలం. గేజీలు పెరగడానికి కారణమూ అదే.

ఈ వ్యవస్థలలో ప్రోగ్రాములు ఉమ్మడి కుటుంబంలోని కోడళ్ళవలె ఒకే వంటిల్లు వాడుకుంటవి. అక్షరాలను తెరమీద పేర్చడం, బొమ్మలను విప్పడం, కిటికీలకు మీటలు గీయడం వంటి పనులు ప్రతి ప్రోగ్రాములోనూ విడివిడిగా వ్రాసి ఉండవు. వాటికి లైబ్రరీలనే ఉమ్మడి భాగాలున్నవి. ఇది పొదుపైన ఏర్పాటు. ఒక లైబ్రరీలో లోపం కనబడితే ఒక్కచోట సరిదిద్దితే చాలు, అందరి వంటా బాగుపడుతుంది. కాని ఒక కోడలికి కొత్త పొయ్యి కావాలి, మరొకతెకు పాత పొయ్యిమీద తప్ప చేయి తిరగదు. వంటింట్లో ఉన్న పొయ్యి ఒక్కటే. కొత్త ప్రోగ్రాము కోసం లైబ్రరీని మార్చితే పాత ప్రోగ్రాము నిలిచిపోతుంది. మార్చకపోతే కొత్తది కదలదు. ఈ అవస్థకు ఆ రంగంలోనివారు నరకమని పేరుపెట్టారు. ఒక్క రాత్రి అనుభవించినవారెవరూ ఆ పేరును అతిశయోక్తి అనరు.

డెబియన్ వంటివి స్థిరత్వంకోసం రెండేళ్ళకు ఒకసారి మాత్రమే వంటింటి సామగ్రిని మార్చుతవి. ఆ మధ్యకాలంలో వెలువడిన కొత్త ప్రోగ్రాము కావలసినవాడు ఆగవలసిందే. ప్రోగ్రాము వ్రాసినవాని కష్టం ఇంకొక తీరుది. అతడు డెబియన్‌కు ఒక ప్యాకేజి, ఫెడోరాకు మరొక తరహాది, పోయిన ఏటి ఉబుంటుకు ఒకటి, ఈ ఏటిదానికి ఇంకొకటి కట్టాలి. ఒక్కడే కూర్చుని తీరికవేళల్లో వ్రాసే మనిషికి ఇది అలవికాని పని. 2014లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన డెబియన్ సమావేశంలో సాక్షాత్తూ టోర్వాల్డ్సే ఈ మొర పెట్టుకున్నాడు. సముద్రంలో మునకలు వేసేవారికోసం సబ్‌సర్ఫేస్ అనే లెక్కల ప్రోగ్రాము ఆయన వ్రాశాడు. దానిని విండోసుకూ మాక్‌కూ కట్టి ఇవ్వడం సులువుగానే జరిగిందట. లైనక్సు డిస్ట్రిబ్యూషన్లకు కట్టి ఇవ్వడమే దుర్ఘటమైంది. ఇల్లు కట్టిన మేస్త్రి తన ఇంట్లో తానే మంచం పట్టించలేకపోయాడు.

పెట్టెలో సరకు

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ రేవునుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 ఇనుప పెట్టెలతో హ్యూస్టన్‌కు బయలుదేరింది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని ఆలోచన అది. లోపల చక్కెర ఉన్నదో, చెప్పులున్నవో క్రేనుకు పనిలేదు. పెట్టె కొలత తెలిస్తే చాలు. రేవులన్నీ ఒకటి కానక్కరలేదు, పెట్టె ఒకటైతే సరిపోతుంది.

ప్రోగ్రాములనూ అట్లాగే పెట్టెలో పెట్టవచ్చునని తొలుత ఆచరించి చూపినవారిలో సైమన్ పీటర్ ఒకడు. 2004లో క్లిక్ అనే పేరుతో అతడు మొదలుపెట్టిన ప్రయత్నమే తరువాత యాప్‌ఇమేజ్ అయింది. ప్రోగ్రామూ దానికి కావలసిన లైబ్రరీలూ అన్నీ ఒకే ఫైలులో ఉంటవి. ఫైలు తెచ్చుకుని, నడవడానికి అనుమతి ఇచ్చి, నొక్కితే నడుస్తుంది. వద్దనుకుంటే ఆ ఒక్క ఫైలు తుడిచివేస్తే పని అయిపోయింది. సబ్‌సర్ఫేస్‌కు చివరకు దారి చూపినది ఇదే. దీని సరళత ఆకర్షణీయమైనదే. కాని దీనికి గోడలు లేవు. యాప్‌ఇమేజ్ తనంతట తాను ప్రోగ్రామును బంధించదు. తాతగారి కాగితాల ప్రశ్న అక్కడే నిలిచి ఉంటుంది.

రెడ్ హ్యాట్ సంస్థ ఇంజనీరు అలెగ్జాండర్ లార్సన్ 2007నుంచే ఈ మూటకట్టే విద్యలో గ్లిక్ అనే పేరుతో ప్రయోగాలు చేశాడు. ఆ అనుభవంమీద మరికొన్నేళ్ళకు ఎక్స్‌డీజీ-యాప్ అనే పనిముట్టును తెచ్చాడు. 2016లో దానికి ఫ్లాట్‌పాక్ అని పేరు మార్చారు. అదే ఏడు ఏప్రిల్‌లో ఉబుంటు 16.04తోపాటు కెనానికల్ సంస్థ తన స్నాప్ పద్ధతిని డెస్క్‌టాపుకు తెచ్చింది. ఒకే రోగానికి ఒకే సంవత్సరం ఇద్దరు వైద్యులు, రెండు మందులు. వాదులాట రాకుండా ఎట్లా ఉంటుంది?

ఫ్లాట్‌పాక్ చేసిన తెలివైన పని ఒకటున్నది. ప్రతి పెట్టెలోనూ పొయ్యితో సహా వంటిల్లంతా పెట్టకుండా, వంటిళ్ళనే కొన్ని స్థిరమైన నమూనాలుగా విడగొట్టింది. వాటిని రన్‌టైములంటారు. గ్నోమ్ వారిది ఒకటి, కేడీఈ వారిది ఒకటి, వాటికి ఆధారంగా ఫ్రీడెస్క్‌టాప్ వారిది ఒకటి. తనకు కావలసిన నమూనా, దాని సంఖ్య ఏదో ప్రోగ్రాము చెప్పుకుంటుంది. కింద ఉన్నది డెబియన్ అయినా ఫెడోరా అయినా దానికి కనిపించేది ఆ నమూనా వంటిల్లే. ఒకే నమూనా కోరే ప్రోగ్రాములు ఎన్ని ఉన్నా డిస్కులో ఒక్క ప్రతి చాలు. రెండు నమూనాలలో సమానంగా ఉన్న ఫైళ్ళను సైతం ఒకేసారి దాచే ఏర్పాటు ఉన్నది. అయినా మొదటి ప్రోగ్రాము దించుకునేటప్పుడు వందల మెగాబైట్లు వచ్చిపడతవి. చిన్న లెక్కల యంత్రం అడిగితే ఇంత సామాను ఏమిటని విసుక్కున్నవారు లేకపోలేదు. ఫోనులోని డేటాతో కంప్యూటరు నడిపే ఇళ్ళలో ఆ విసుగు న్యాయమైనదే.

గోడలు, కిటికీలు

ఇంగ్లీషులో దీనిని పిల్లలు ఆడుకునే ఇసుకతొట్టి పేరుతో పిలుస్తారు. తొట్టిలో ఏమి కట్టి ఏమి కూల్చినా పెరటికి హాని లేదని భావం.

లైనక్సులో సంప్రదాయంగా ఉన్న నియమం వాడుకరులను ఒకరినుంచి ఒకరిని కాపాడేది. ఒకే వాడుకరి నడిపే ప్రోగ్రాములను ఒకదానినుంచి మరొకదానిని కాపాడేది కాదు. మనుమరాలు నడిపిన ఆట, ఆమె ఫైళ్ళన్నిటినీ ఆమె పేరుతోనే చదవగలదు. ఒకే ఇంట్లో అద్దెకున్నవాడికి పడకగది తాళాలు కూడా ఇచ్చినట్లన్నమాట.

దీనికి విరుగుడు కెర్నెల్‌లోనే మెల్లగా తయారయింది. ప్రోగ్రాముకు డిస్కులో కొంత భాగమే లోకమంతా అన్నట్లు చూపే ఉపాయం 1979నాటి యూనిక్సులోనే ఉన్నది. 2002లో ఫైళ్ళ దృశ్యాన్ని వేరుచేసే నేమ్‌స్పేసులు లైనక్సులోకి వచ్చినవి. ప్రోగ్రాము కెర్నెల్‌ను ఏ పనులు అడగవచ్చునో, ఏవి అడగరాదో జల్లెడపట్టే వడపోత 2012లో చేరింది. 2013లో సామాన్య వాడుకరి కూడా ఇటువంటి గదులు కట్టుకునే వీలు కలిగింది. ఫ్లాట్‌పాక్ వీటన్నిటినీ కూర్చి ప్రోగ్రాము చుట్టూ గది కడుతుంది. ఆ గదిలో ప్రోగ్రాముకు తన సామాను, రన్‌టైము, తన సొంత అర మాత్రమే కనిపిస్తవి. ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప ఇంటి ఫోల్డరు ఉన్నట్లే దానికి తెలియదు.

మరి ఫొటో దిద్దే ప్రోగ్రాము ఫొటోనే చూడలేకపోతే ఎందుకు? దీనికి చెప్పిన జవాబు ఈ ఏర్పాటులో అన్నిటికన్న అందమైన భాగం. గదికి పోర్టల్ అనే కిటికీ పెట్టారు. ప్రోగ్రాము తనకొక ఫైలు కావాలని కిటికీ దగ్గర అడుగుతుంది. ఫైళ్ళ జాబితా చూపించేది గదికి బయట ఉన్న నమ్మకస్తుడు, అంటే డెస్క్‌టాపు వ్యవస్థ. మనిషి ఒకదానిని ఎంచుకుంటే ఆ ఒక్క ఫైలు కిటికీలోనుంచి లోపలికి అందుతుంది; తక్కిన జాబితా ప్రోగ్రాము కంటబడదు. వాడుకరికి ఇది మామూలు ‘తెరువు’ మీట నొక్కినట్లే ఉంటుంది.

“ఆ ఒక్క ఫొటోనే దానికి ఇచ్చాను, తాతయ్యా,” అని ఆ ఇంటి పిల్ల చెప్పవచ్చు.

“అయితే నా పింఛను కాగితాలు దాని కంటబడవంటావా, అమ్మా?” అని పెద్దాయన రెట్టించవచ్చు.

కంటబడవని ఖాయంగా చెప్పగలగాలంటే ఆమె ఇంకొకటి చూడాలి. ప్రోగ్రాము ఏ అనుమతులు కోరుతున్నదో దాని పత్రంలో వ్రాసి ఉంటుంది. కిటికీ పద్ధతికి ఇంకా మారని ప్రోగ్రాములు అనేకం ఇంటి ఫోల్డరంతా కావాలని అడుగుతవి. అడిగినదల్లా ఇస్తే గోడ పేరుకే గోడ. ఫ్లాట్‌సీల్ అనే ఉపకరణంతో ఆ అనుమతులను చూచి, అక్కరలేనివాటిని రద్దు చేయవచ్చు. పాత ఎక్స్11 తెరవ్యవస్థతో మరొక బెడద ఉన్నది: అందులో ఒక ప్రోగ్రాము మరొకదానిలో నొక్కే అక్షరాలను సైతం పసిగట్టగలదు. 2008లో ఆరంభమైన వేలాండ్ ఆ లోపాన్ని సరిచేసింది. పాత తెరమీద నడిపితే ఎంత గట్టి గోడకైనా చెవులుంటవి.

తెలుగువాడి సంగతి

ఈ పెట్టెలు కట్టినవారు తెలుగును మరచిపోలేదు గాని, తెలుగువాడు కొంచెం మెలకువగా ఉండాలి. ఫాంట్ల బాధ లేదు: బయటి వ్యవస్థలో ఉన్న ఫాంట్లను, అది లోహిత్ తెలుగు అయినా, తిరుమల కృష్ణ దేశికాచారి గారు రూపొందించిన పోతన అయినా, ఫ్లాట్‌పాక్ లోపలికి చదువుకోవడానికి మాత్రం చూపుతుంది. ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని రన్‌టైములోని లైబ్రరీ చేస్తుంది గనుక, డిస్ట్రిబ్యూషన్ ఎంత పాతదైనా అక్షరాలు సక్రమంగానే వస్తవి. పాత యంత్రంమీద తెలుగు చదివేవారికి ఇది చిన్న లాభం కాదు. టైపు చేయడం అంత నిశ్చింత కాదు. ఇన్‌స్క్రిప్ట్ వంటి కీబోర్డులను నడిపే ఐబస్ గదికి బయట ఉంటుంది. దానితో మాట్లాడడానికి వేరొక కిటికీ ఉన్నది. ఆ కిటికీ తెలియని పాత ప్రోగ్రాములో ఎంత కొట్టినా ఇంగ్లీషు అక్షరాలే పడతవి.

అనువాదాల సంగతి మరీ విచిత్రం. సామాను తగ్గించడానికి ఫ్లాట్‌పాక్ అన్ని భాషల అనువాదాలనూ దించదు. వ్యవస్థలో నమోదైన భాషలవే తెస్తుంది. భిలాయివంటి చోట కంప్యూటరును ఇంగ్లీషులోనో హిందీలోనో అమర్చడం రివాజు. అప్పుడు లిబ్రెఆఫీసుకు తెలుగు అనువాదం ఉన్నా ఆ ఇంటికి చేరదు. ఎవరో స్వచ్ఛందంగా కూర్చుని వాక్యం వాక్యం తెలిగించిన శ్రమ దారిలో దిగిపోతుంది. తెలుగు లేదనుకుని ఊరుకునేవారు ఎందరో! ఫ్లాట్‌పాక్ అమరికలోని భాషల పట్టికలో తెలుగు గుర్తయిన ‘టీ-ఈ’ని చేర్చి, ఒకసారి అప్‌డేట్ చేస్తే అనువాదం దిగివస్తుంది. రెండు నిమిషాల పని. ఆ సంగతి ముందే చెప్పే తెర ఒకటి పెట్టి ఉంటే బాగుండేది.

తీరని తగవులు

పెట్టెల పద్ధతిని అందరూ హర్షించలేదు. డిస్ట్రిబ్యూషన్ల నిర్వాహకులు చెప్పే అభ్యంతరం కొట్టిపారవేయదగినది కాదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను విప్పే లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ఒక బొమ్మ చూపినంతమాత్రాన దుండగుడు కంప్యూటరులో జొరబడే వీలున్న లోపమది. ఉమ్మడి వంటిల్లు ఉన్నచోట ఒక్క సవరణతో పని తీరింది. రన్‌టైములో ఉన్న లైబ్రరీని కూడా అట్లాగే ఒకసారి మార్చారు. కాని తన పెట్టెలో సొంత ప్రతి పెట్టుకున్న ప్రతి ప్రోగ్రామునూ దాని కర్త వేరుగా సవరించవలసి వచ్చింది. శ్రద్ధగల కర్తలు వెంటనే చేశారు. ఎప్పుడో మూటకట్టి మరచిపోయినవారి సంగతి వేరే చెప్పాలా?

ఇంకొక తగవు పెత్తనాన్ని గురించినది. స్నాప్ పెట్టెలు పంచే అంగడి కెనానికల్ చేతిలో ఉన్నది. 2018 మే నెలలో ఆ అంగడిలోని రెండు ఆటలు లోపల గుట్టుగా క్రిప్టో నాణేలు తవ్వుతున్నట్లు బయటపడి, వాటిని తొలగించారు. 2020లో లినక్స్ మింట్ నిర్వాహకులు తమ 20వ విడుదలలో, వాడుకరి కోరితే తప్ప స్నాప్ రాకుండా కట్టడి చేశారు. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్సును స్నాప్‌గా మార్చినప్పుడు, తెరవడానికి ఆలస్యమవుతున్నదని పాత యంత్రాలవారు గోలపెట్టారు. ఫ్లాట్‌పాక్‌లో ఎవరైనా సొంత అంగడి పెట్టుకోవచ్చు. అయినా ఆచరణలో జనమంతా ఫ్లాట్‌హబ్‌కే పోతున్నారు. తలుపులు తెరిచి ఉన్నంతమాత్రాన బజారు నాలుగు చోట్ల వెలియదు. 2023లో ఉబుంటు కుటుంబంలోని డిస్ట్రిబ్యూషన్లు ఫ్లాట్‌పాక్‌ను ముందుగా అమర్చి ఇవ్వడం మానివేసినవి. గేజి తగవు తీర్చడానికి పుట్టిన పెట్టెలలోనే గేజి తగవు వచ్చిందని పరిహసించినవారూ ఉన్నారు.

క్యాంప్ 1లోని ఆ ఇంటివారికి ఈ వాదులాటలు చేరవు. అక్కడి లెక్క వేరు: డిస్కులో ఎంత చోటున్నది, నెలకు ఎంత డేటా వస్తుంది, కాగితాలు భద్రమా కాదా. ఆ పిల్ల బొమ్మల ప్రోగ్రామును ఫ్లాట్‌పాక్‌లో దించుకుని, ఇంటి ఫోల్డరు అనుమతిని రద్దు చేసింది. ఎవరూ వాడని పాత రన్‌టైములను తుడిచివేస్తే కొంత చోటు మిగిలింది. భాషల పట్టికలో హిందీ పక్కన తెలుగును చేర్చింది. ఆమెకు తెలుగు మాట వచ్చును గాని లిపి రాదు. ఆయనకు లిపి వచ్చును గాని కంప్యూటరు రాదు. ఒకే యంత్రంలో ఇద్దరికీ వేర్వేరు ఖాతాలున్నవి. సాయంకాలం ఆమె తన ఖాతా మూసి లేస్తే, అదే లిబ్రెఆఫీసు ఆయన పేరుతో తెలుగు మెనూలతో తెరుచుకుంటుంది. ఆయన ఒక్కొక్క మాటా పైకి చదువుతుంటే, అది ఏ మీటో ఆమె వెనుకనుంచి చెబుతుంది.